గుండు పక్కకు పోతే తప్పెవరిది? బళ్ళారి దండు నాటి ఒక పాత లెక్క

ఈసారి వ్యాసం కాస్త పొడుగు. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మన సంఘంలో ఎన్‌సీసీకి పోయే పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిలు కాల్చి ఇంటికొచ్చిన పిల్లవాడు "గుండ్లన్నీ పక్కకే పోయినాయి, ఆ రైఫిలే బాలేదు" అంటాడు. వాళ్ళ నాయన నవ్వి "ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట నీలాంటోడే" అంటాడు. సామెత మంచిదే. కానీ నిజంగానే ఓటి మద్దెల చేతికిచ్చి ఆడమన్న రోజులు కూడా ఉన్నాయి. ఆ ఆట ఆడినవాళ్ళలో మన తెలుగు సిపాయీలు ఉన్నారు, ఆడిన చోట్లలో మన బళ్ళారి దండు ఒకటి. ఆ తీర్పు వల్ల మనవాళ్ళ తరాలకు తరాలు పటాలం కొలువు పోగొట్టుకున్నాయి. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది.

ముందు మాట గురించి ఒక మాట. మేము చదివింది తమిళ మీడియంలో. అక్కడ దీన్ని 'కుఱి' అంటారు. రైల్వే కొలువుకు ఇటువైపు వచ్చాక తెలుగులో 'గురి' అని విన్నాం, బజారుకు పోతే కన్నడంలోనూ 'గురి'. మూడు భాషల వాళ్ళం ఒకే మాటతో చూసే పని ఇది. అయితే గురి చూడటం వేరు, గుండు అక్కడికే పోవడం వేరు. రెండింటి మధ్య ఎన్నో కంతలున్నాయి. ఏ కంతలో తప్పు దూరిందో కనిపెట్టడమే అసలు విద్య.

ఆ విద్యలో మొదటి పాఠం చిన్నది. ఒక గుండు చూసి ఏమీ చెప్పకూడదు. ఒకే చోటికి గురిపెట్టి ఐదు కాల్చాలి, ఆ ఐదు కంతలనూ కలిపి ఒక గుంపుగా చూడాలి. ఐదూ దగ్గర దగ్గరగా పడి, గుంపు మొత్తం పక్కకు పోయిందా? కాల్చినవాడి చెయ్యి బాగున్నట్టే, సైటు తప్పు. ఐదూ ఐదు దిక్కులకు పోయాయా? అప్పుడు సైటును ముట్టుకోవడం దండగ. తప్పు గొట్టంలోనో, తూటాలోనో, బిగువు వదిలిన మరల్లోనో, మనిషిలోనో ఉంది. చెదిరిన గుంపును సైటు తిప్పి బాగుచెయ్యాలని చూసేవాడు, లెక్క తేలని క్యాష్ బుక్కులో మొత్తాన్ని దిద్దే గుమాస్తా లాంటివాడు.

రెండో పాఠం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. అదే రైఫిలు ఇంకొకడికి ఇచ్చి చూడు. అదే మనిషికి ఇంకో రైఫిలు ఇచ్చి చూడు. తప్పు రైఫిలు వెంట పోతుందా, మనిషి వెంట పోతుందా అన్నది అప్పుడు గాని తెలియదు. ఈ రెండు పాఠాలూ గుర్తుపెట్టుకుని మన దండు చరిత్రకు రండి.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించాడు. అప్పటినుంచి బళ్ళారి మద్రాసు సైన్యానికి ముఖ్యమైన దండు. కౌల్ బజారు ఆ కాలంలో పెరిగినదే. ఇప్పటికీ రైలు టైంటేబుల్లో బళ్ళారి కంటోన్మెంట్ అని స్టేషన్ పేరు నిలిచి ఉంది. మద్రాసు పదాతి పటాలాల్లో తమిళులు, తెలుగువాళ్ళు, ముసల్మానులు కలిసి ఉండేవారు. అంతకుముందు 1757 ప్రాంతంలో క్లైవు మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకుపోయిన సిపాయీలలో తెలుగువాళ్ళు ఎక్కువ. దానివల్ల ఉత్తరాదిలో సిపాయి అంటేనే 'తిలంగా' అయిపోయింది. 1857లో ఢిల్లీలో తిరగబడినవాళ్ళు అవధ్, బీహార్ వైపు మనుషులు. అయినా ఊరివాళ్ళు వాళ్ళనూ తిలంగాలనే అన్నారు. మన జాతి పేరు ఒక ఉద్యోగానికి పేరైందన్నమాట.

ఇక తుపాకీ సంగతి. పాత బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు గొట్టంలో వదులుగా పోతూ అటూ ఇటూ తగిలి బయటపడేది. వంద గజాల దాకా పరవాలేదు, రెండొందల గజాలకు దేవుడి దయ. 1853 ఎన్‌ఫీల్డ్ వచ్చాక కథ మారింది. గొట్టం లోపల మెలి తిరిగిన మూడు గాడులు. గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది, కాబట్టి దారి తప్పదు. సైటు మీద వందల గజాల గుర్తులు వేశారు. 'రైఫిలు' అనే పేరు ఆ గాడులవల్ల వచ్చిందే.

గాడులున్న గొట్టంతో కొత్త తలనొప్పి కూడా వచ్చింది. నల్ల తుపాకి మందు కాలితే మసి గాడుల్లో పేరుకుంటుంది. తేమ గాలిలో అది మెత్తగా ఉంటుంది, మన బళ్ళారి లాంటి పొడి ఎండలో పెచ్చులా గట్టిపడుతుంది. పది కాల్చేసరికి తూటా దిగదు, గుండు తిన్నగా పోదు. దానికి మందు కొవ్వు. తూటా కాగితానికి కొవ్వు రాస్తే మసి మెత్తబడుతుంది. ఆ కొవ్వే 1857లో నిప్పు రాజేసింది. ఆ కథ అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పం. గురి కుదరడానికి చేసిన మరమ్మత్తు ఒక రాజ్యాన్ని కదిలించిందని మాత్రం గుర్తుంచుకోండి. మద్రాసు సైన్యం చాలావరకు ఆ తిరుగుబాటులో కలవలేదు.

కలవకపోయినా శిక్ష తప్పలేదు. తిరుగుబాటు అణిగాక ఫిరంగులు దాదాపు అన్నీ దేశీ సైన్యం చేతుల్లోంచి తీసేశారు. తుపాకీ విషయంలో ఇంకా తెలివైన పని చేశారు. 1858 నమూనా అని దేశీ పటాలాల కోసం ఒకటి తయారుచేశారు. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల మాత్రం గాడులు లేవు. 0.577 అంగుళాల బోరును దాదాపు 0.656 దాకా తొలిచి నున్నగా చేసేశారు. దూరాన్ని బట్టి లేపే వెనక సైటు తీసేసి కదలని దిమ్మ ఒకటి పెట్టారు. తెల్ల సోల్జరుకు అసలు రైఫిలు, పక్క లైన్లలో సిపాయికి రైఫిలు వేషం వేసుకున్న బ్రౌన్ బెస్. ఒకే మైదానంలో, ఒకే మట్టి దిబ్బ మీదికి ఇద్దరూ కాల్చినా రెండు గుంపులూ ఒకలా ఎట్లా పడతాయి?

ఆ తర్వాతా అదే వరస, ఎప్పుడూ ఒక మెట్టు కింద. బ్రిటిష్ పటాలాలకు 1870లలో మార్టినీ హెన్రీ వచ్చింది, సిపాయీలకు వాళ్ళు వదిలిన స్నైడర్ వచ్చింది. 1878–80 ఆఫ్ఘన్ యుద్ధంలో పక్కపక్కన నడిచిన రెండు జాతుల సైనికుల చేతుల్లో రెండు తరాల తుపాకులు. 1897లో తీరా కొండల్లో బ్రిటిష్ వాళ్ళకు లీ మెట్‌ఫర్డ్, మనవాళ్ళకు మార్టినీ. రైల్వేలో పాత ఇంజన్లను బ్రాంచి లైన్లకు తోలినట్టు.

1881లో ఫ్రెడరిక్ రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా వచ్చాడు. తర్వాత లార్డ్ రాబర్ట్స్ అయింది ఈయనే. ఈయనకు గురి పిచ్చి. పటాలాల చేత రైఫిలు అభ్యాసం గట్టిగా చేయించాడు, తనూ తన స్టాఫ్ ఆఫీసర్లూ పోటీల్లో దిగి కాల్చేవారు. ఆ విషయంలో మెచ్చుకోవాలి. కానీ 1885లో మద్రాసు వదిలేనాటికి, తర్వాత మొత్తం ఇండియాకు సేనాధిపతి అయ్యాక, ఆయన తేల్చిన మాట మద్రాసు సిపాయి పనికిరాడని. దక్షిణంలో చాలా ఏళ్ళుగా యుద్ధం లేక పాత యోధుల తేజం చచ్చిపోయిందని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1897లో వచ్చింది.

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. "పాత తుపాకీ ఇచ్చారు గనక మనవాళ్ళు ఓడారు" అని చెప్పేస్తే సంఘం మీటింగులో చప్పట్లు పడతాయి, కానీ లెక్క కుదరదు. ఎందుకంటే అదే పాత తుపాకీ సిక్కులకూ, గూర్ఖాలకూ ఇచ్చారు. తెల్లవాడితో పోల్చినప్పుడు తుపాకీ తేడా పెద్దది. పంజాబీతో పోల్చినప్పుడు ఆ సాకు పనికిరాదు. కాబట్టి రెండో పాఠం ప్రకారం ఇంకేం మారిందో వెతకాలి. వాయవ్య సరిహద్దులో పటాలాలు ఏటేటా ఏదో ఒక దాడికి పోయేవి. మద్రాసు పటాలాలు బళ్ళారి లాంటి ప్రశాంతమైన దండుల్లో పెళ్ళాం పిల్లలతో కాపురాలు చేస్తూ, వయసు మీరినా సీనియారిటీ మీద పైకి పోయే ఆఫీసర్ల కింద ఉండేవి. అంటే తప్పు శిక్షణలో ఉంది, వాడుకలో ఉంది. రాబర్ట్స్ చెప్పిన కారణం కూడా ఒక రకంగా అదే, శాంతి ఎక్కువైందని. కారణం శాంతి అయితే మందు శిక్షణ కావాలి కదా? ఆయనా, ఆయన తర్వాతివాళ్ళూ వేసిన మందు వేరు. కొన్ని జాతులే యుద్ధ జాతులన్నారు, మిగతావాళ్ళ రక్తంలోనే లేదన్నారు. సైటు తప్పు చూసి గొట్టాన్నే పారేశారు.

దీనికి మా దగ్గర ఒక సాక్ష్యం ఉంది, అది బెంగళూరులో. మద్రాస్ సాపర్లు. అవే జిల్లాల మనుషులు, అవే ఊళ్ళు. వాళ్ళను తీసెయ్యమని ఎవరూ అనలేదు, ప్రతి యుద్ధానికీ వెంట తీసుకుపోయారు. మనిషి అదే, పని నేర్పిన తీరు వేరు. మార్చి చూసే పరీక్ష కళ్ళముందే జరుగుతున్నా దాని ఫలితం ఎవరూ చదవలేదు. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి పదాతి దళంలో తెలుగువాళ్ళను చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. కొన్ని మద్రాసు పటాలాలు అంకె మార్చుకుని పంజాబీ పటాలాలైపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మళ్ళీ పిలిచారు, అవసరం తీరాక 1928 కల్లా ఆఖరి మద్రాసు పదాతి పటాలాలు కూడా రద్దయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం మెడమీదికి వచ్చాక మద్రాస్ రెజిమెంటును మళ్ళీ లేపారు. అది బర్మాలో పోరాడింది.

ఇప్పుడు కథ మళ్ళీ బళ్ళారికి వస్తుంది, దక్షిణాఫ్రికా మీదుగా. 1899లో బోయర్ యుద్ధం మొదలైంది. బోయర్లు రైతులు. పెరేడ్ రాదు, సరైన యూనిఫారం లేదు. చేతిలో జర్మనీ మౌజర్, 7 మిల్లీమీటర్లది. దూరం అంచనా కట్టడం, నక్కి కాల్చడం చిన్నప్పటినుంచి వేటలో నేర్చినది. ప్రపంచంలోకెల్లా గొప్పదనుకున్న సైన్యాన్ని ఆ డిసెంబరులో ఒకే వారంలో మూడు చోట్ల ఓడించారు. మూడోది కొలెన్సో. రాబర్ట్స్ ఒక్కగానొక్క కొడుకు అక్కడే గాయపడి చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి సేనలకు అధిపతిగా పోయింది రాబర్ట్సే. ఎవరి గురినైతే ఆయన ప్రపంచానికి ప్రమాణం అనుకున్నాడో, ఆ తెల్ల సోల్జరే మైదానంలో గురి కుదరక నిలబడి ఉన్నాడు.

అప్పుడు తప్పు ఎవరిది అని వెతికారు, ఈసారి శ్రద్ధగా. యెమనరీ దళాలకు ఇచ్చిన కొత్త లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళలో సైటే తప్పని తేలింది. 500 గజాల దగ్గర గుండు 18 అంగుళాలు కుడికి పోతోంది. పక్కకు 18 అంగుళాలంటే మనిషి భుజం దాటిపోయినట్టే.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేశాం. 500 గజాలంటే 18,000 అంగుళాలు. అందులో 18 అంటే వెయ్యికి ఒకటి. రైఫిలు మీద రెండు సైట్ల మధ్య దూరం సుమారు రెండడుగులు, అంటే 24 అంగుళాలు. అందులో వెయ్యో వంతు 0.024 అంగుళం. మా కాలంలో బుకింగ్ కౌంటర్లో అమ్మిన అట్ట టిక్కెట్టు మందం అంగుళంలో 32వ వంతు, అంటే 0.031. ఆ టిక్కెట్టు మందం కంటే తక్కువ తేడాతో ముందు సైటు పక్కకు కూర్చుంది, 500 గజాల అవతల శత్రువు బతికిపోయాడు. అక్కడి సోల్జరు ఎంత ఊపిరి బిగబట్టినా ఏం లాభం?

పిల్లలకు పనికొచ్చే సూత్రం కూడా ఇక్కడే చెప్పేస్తాం. వెనక సైటును గుండు ఎటు పోవాలో అటు జరపాలి. ముందు సైటును గుండు ఎటు పోయిందో అటే జరపాలి. రెండూ తలకిందులు. ఇది కలగలిపేసి తప్పును రెట్టింపు చేసుకునేవాళ్ళు ఎక్కువ.

గమ్మత్తేమిటంటే, ఆ సైనికుల వేషమే లేని గురికాళ్ళు యుద్ధంలో పట్టుబడి ఖైదీలుగా ఇండియాకు వచ్చారు. అహ్మద్‌నగర్, తిరుచిరాపల్లి, నీలగిరుల్లో కేతి, ఇలా చాలా చోట్ల శిబిరాలు పెట్టారు. అందులో మన బళ్ళారి ఒకటి. 1902 మే 31న సంధి అయ్యేదాకా ఈ ఎండలో, ఈ రాళ్ళ గుట్టల మధ్య వాళ్ళు కాలం గడిపారు. పనికిరాడని తెలుగు సిపాయిని పంపించేస్తున్న ఊరికే, పెరేడ్ రాకున్నా సామ్రాజ్యాన్ని వణికించిన రైతులను తెచ్చి కాపలా కాశారు. గురి రక్తంలో ఉండదు, అలవాటులో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? రాబర్ట్స్‌కూ అది అర్థమైనట్టే ఉంది. ఇంగ్లండుకు తిరిగిపోయాక ఊరూరా సామాన్యులకు చిన్న రైఫిలు క్లబ్బులు పెట్టించడానికి ముందు నిలబడ్డాడు. అక్కడి గుమాస్తాలకు, కూలీలకు సాధన చేస్తే గురి వస్తుందన్నాడు. ఇక్కడివాళ్ళ విషయంలో మాత్రం ఆ మాట అనలేదు.

మా రైల్వేలో కూడా అదే. ఎం అండ్ ఎస్‌ఎం రైల్వే రైఫిల్స్ అని ఒక సహాయక దళం ఉండేది. దొరలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు అందులో చేరి ఏటా కాల్చేవారు. అదే ఆఫీసులో పనిచేసే మన గుమాస్తాలకు అందులో చోటు లేదు. 1947తో అదీ ముగిసింది. 2024లో అదే రైల్వేలో టీటీఈగా పనిచేస్తున్న స్వప్నిల్ కుసాలే ఆ ఏడాది పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో 451.4 స్కోరుతో కంచు పతకం కొట్టాడు. సెంట్రల్ రైల్వే, మన జోన్ కాదు, అయినా ఆ రాత్రి మేము మిఠాయి పంచాం. అంతకు 12 ఏళ్ళ ముందు లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడు.

అంత పై మెట్టులో ఉన్నవాళ్ళకూ ఈ తంటా తప్పదు. అభినవ్ బింద్రా 2004లో ఏథెన్స్‌లో మూడో స్థానంతో ఫైనల్‌కు పోయి ఏడో స్థానంలో దిగాడు. తాను నిలబడ్డ చోట కాళ్ళ కింద పలక కదులుతోందని తర్వాత తెలిసింది. రైఫిలు మంచిదే, మనిషి మంచివాడే, తప్పు నేలది. ఆ తర్వాత కదిలే నేల మీద నిలబడి సాధన చేశాడు. 2008లో బీజింగ్‌లో ఫైనల్‌కు ముందు సరిచూసుకునే షాటులో గుండు ఎక్కడికో పోయింది. ఆ కొద్ది నిమిషాల్లో కంగారు పడకుండా సైటు దిద్దుకుని బంగారం కొట్టాడు. గుంపు చూసే అలవాటు లేనివాడైతే తన చేతినే అనుమానించి, అక్కడే కూలిపోయేవాడు.

కాబట్టి పిల్లవాడు రైఫిలు బాలేదు అన్నప్పుడు, సామెత చెప్పే ముందు టార్గెట్ కాగితం అడిగి తీసుకోండి. గుంపు చిన్నదిగా ఉండి పక్కకుంటే వాడి మాట నిజం. కాల్చేకొద్దీ గుండ్లు ఒకే వైపు జరుగుతూ పోతే గొట్టం వేడెక్కి కర్రకు ఎక్కడో ఒరుసుకుంటోందని అనుమానించాలి. పైకీ కిందికీ వరసగా పడితే ఊపిరి చూసుకోవాలి. కుడిచేతివాడి గుండు కుడిపక్క కిందికి పోతుంటే ట్రిగ్గర్ నొక్కకుండా గుంజుతున్నాడని అర్థం. మొదటి గుండు ఒక్కటే తప్పితే గొట్టంలో నూనె తుడవలేదు. మన ఎండలో ముందు సైటు ఒక పక్క మెరిసి కన్నును మోసం చేస్తుంది, దీపం మసి పూస్తే సరి. తూటా పెట్టెను ఎండలో పెట్టకూడదు, వేడెక్కిన తూటా గుండును పైకి తోస్తుంది.

ఇంకొకటి, తుపాకీ లేకుండానే చేసే పాత పరీక్ష. ఇంగ్లండులో హైత్ అనే ఊళ్ళో 1853లో పెట్టిన మస్కెట్రీ స్కూల్ పద్ధతిలోది. రైఫిలును ఇసుక మూట మీద కదలకుండా ఉంచుతారు. ఎదురుగా గోడకు తెల్ల కాగితం. ఒకడు చిన్న బిళ్ళ పట్టుకుని అక్కడ నిలబడతాడు. సైటులోంచి చూసేవాడు "కొంచెం ఎడమకు, ఇంకొంచెం పైకి" అని చెబుతూ బిళ్ళను గురి మీదికి తెప్పిస్తాడు, అక్కడ చుక్క పెడతారు. మూడుసార్లు చేస్తే మూడు చుక్కలు, కలిపితే త్రికోణం. చిన్న త్రికోణం అయితే కన్ను నిలకడగా ఉన్నట్టు. ఇందులో గొట్టం లేదు, మందు లేదు, ట్రిగ్గర్ లేదు, ఉన్నది కన్నొక్కటే. బొమ్మ తుపాకీతో కూడా ఇంట్లో చేసి చూడొచ్చు. మా మనవలతో చేయించాం, చిన్నదాని త్రికోణం అందరికంటే చిన్నది.

చివరగా ఒక మనవి. మన సభ్యులలో కొందరి ముత్తాతలు మద్రాసు పటాలాల్లో చేసినవాళ్ళు. అటకమీద ట్రంకుపెట్టెల్లో పాత డిశ్చార్జి కాగితాలు, పెన్షన్ పుస్తకాలు ఉంటే ఫొటో తీసి ఇక్కడ కింద పెట్టండి. పటాలం అంకె, చేరిన సంవత్సరం, విడిచిన సంవత్సరం కనబడితే చాలు. ఆయన చేతికి గాడులున్న రైఫిలు ఇచ్చారా, తొలిచేసిన గొట్టం ఇచ్చారా అన్నది చాలావరకు మేము చెప్పగలం.